రెండో గీత

నర్సింగ్ హోం ల్యాబు గది,
సోమవారం, మొదటి సాంపిల్ రాకముందు

భూతద్దం మరదలికి,

మీ ఆస్పత్రికి పంపే బయాప్సీ డబ్బాలో, ఎప్పట్లాగే మూత కింద, ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ ఎత్తితే చాలు, మీ అన్నయ్య చెవి వచ్చి నా భుజం మీద వాలుతుంది. ఆయన లేకుండా మనిద్దరం నాలుగు మాటలు చెప్పుకునేది ఈ డబ్బా పుణ్యాన్నే. అదీగాక ఈ కబురు నోటితో చెప్పబోతే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చి నీకు ఒక్క ముక్కా అర్థం కాదు. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తు. నువ్వు మేనత్తవి కాబోతున్నావు.

నమ్మకం కలగడం లేదు కదూ? నాకూ లేదు. ఇన్నేళ్లుగా ఈ బల్ల దగ్గర నిలబడి ఎంతమందికి "రెండు గీతలొచ్చాయమ్మా" అని చెప్పానో! చెప్పిన ప్రతిసారీ వాళ్ల మొహం ఒకసారి చూసి, అటు తిరిగి చేతులు కడుక్కునేదాన్ని. మన ఇంట్లో పిల్లల మాట ఎత్తడం మానేసి కూడా చాలా కాలమైంది.

ఎలా తెలిసిందో చెప్తే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యమంటావు. గర్భపరీక్ష కార్డుల కొత్త పెట్టె వచ్చింది. వాడేముందు ఒక మగవాడి మూత్రంతో సరిచూడాలని మా డాక్టరమ్మ పెట్టిన రూలు. ఒకే గీత వస్తే పెట్టె మంచిది, రెండొస్తే పాడైంది. ఇక్కడ అందరం ఆడవాళ్లమే. ఉన్న ఒక్క వాచ్‌మన్‌ని ఒకసారి అడిగితే పాపం చాలా రోజులు నా ఎదుటపడలేదు. కాబట్టి మొదట్నించీ ఆ కొలువు మీ అన్నయ్యదే. పొద్దున్నే చిన్న సీసా నింపి నా చేతిలో పెట్టి, "నా వంతు ప్రజాసేవ అయిపోయింది" అని డ్రైవింగ్ స్కూలుకి పోతాడు.

నాకు నెల దాటి కొన్ని రోజులైంది. అత్యాశే అనుకో, ఈసారి నాదీ ఒక సీసా తెచ్చుకున్నాను. రెండూ ఒకేలాంటి సీసాలు. రెండు కార్డుల మీదా చుక్కలు వేశాను. ఆయన కార్డు మీద రెండు గీతలు, నా కార్డు మీద ఒకటి! చెయ్యి వణుకుతోందిగా, సీసాలు తారుమారు చేసేశాను. అంతేగా మరి? లేకపోతే మీ అన్నయ్యకి నెల తప్పిందనుకోవాలి.

సాయంత్రం చెప్పాను. కుర్చీలో కూర్చుండిపోయాడు. మర్నాడు పాఠానికొచ్చిన కుర్రాడు కారుని గోడకి ఆనించినా ఒక్క తిట్టూ తిట్టలేదట. వాడే భయపడి, "సార్, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడట. ఒంట్లో కాస్త వేడి చేసింది లే. రోజంతా కారు సీట్లో కూర్చుంటే చెయ్యదూ? బార్లీ నీళ్లు తాగుతున్నాడు.

త్వరగా జవాబు రాయి. తిట్లు కూడా రాయొచ్చు, ఇవాళ నాకేవీ అంటవు.

నీ వదిన


పెద్దాస్పత్రి, స్లైడ్ల గది,
గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివి గట్టిగా అరిచాను. పక్క బల్ల డాక్టరు స్లైడు జారవిడిచాడు. ఆ స్లైడు తాలూకు పాపం మీ దంపతులదే.

నీకు కోపం రాకుండా ఒక మాట అడగొచ్చా? రేపు పొద్దున్న నీ సాంపిల్ ఒక్కటే తీసుకుని, సీసా మీద నీ పేరు రాసి, మళ్లీ ఒకసారి వెయ్యి. అన్నయ్యది ఇంకో రోజు వేరుగా వెయ్యి. రెండూ ఒకే పూట వద్దు. ఏదైనా రెండుసార్లు చూస్తే గానీ నమ్మని వృత్తి నాది, నీకు తెలుసుగా, ఇంటి తాళం కూడా వెనక్కొచ్చి లాగి చూస్తాను.

అన్నయ్యకి వేడి చేసిందన్నావు. అంటే ఏమిటి? మంటా? మాటిమాటికీ వెళ్తున్నాడా? రంగేమైనా మారిందా? ఊరికే అడుగుతున్నాను.

బరువులు ఎత్తకు. మెట్లు మెల్లగా ఎక్కు.

భూతద్దం


ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం

డాక్టరమ్మగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. నా సీసా మీద నా పేరు రాశాను. ఒకటే గీత. కళ్లు చికిలించి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ఒకటే. మర్నాటికి నెలసరి కూడా వచ్చేసింది. ఇక అనుమానం పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

నువ్వు మంచికే అడిగావని తెలుసు. కానీ నా ఉత్తరం చదివిన పూటే నీకు అనుమానం వచ్చింది, దాన్ని బరువులెత్తకు, మెట్లెక్కకు అనే మాటల కింద దాచావు. ఆ రెండు మాటలూ రాయకుండా ఉంటే బాగుండేది.

ఆయనకి ఇంకా చెప్పలేదు. నిన్న కారు వెనక సీటుకి పిల్లల సీటు ఎలా బిగిస్తారో టేపు పెట్టి కొలుస్తున్నాడు. "కొలతలు చూడ్డానికి ఇంకా టైముందిగా" అన్నాను. "చూసి ఉంచుకుంటే తప్పేంటి?" అన్నాడు. లోపలికొచ్చి కుళాయి తిప్పి, ఆ చప్పుట్లో ఏడ్చాను.

మీ అన్నయ్య సాంపిల్ మళ్లీ వెయ్యలేదు. వెయ్యను కూడా. పెట్టె పాడైందని అర్థమైంది, వెనక్కి పంపించేస్తున్నాను. మంట గురించి అడిగితే ఏం లేదన్నాడు. నాకు ఇప్పుడు అడిగే ఓపిక లేదు.

వదిన


స్లైడ్ల గది,
మంగళవారం

వదినా,

క్షమించు. ఏం రాసినా తప్పుగానే ఉంటుంది కాబట్టి ఆ మాట ఇంతకంటే సాగదీయను.

కానీ ఆ పెట్టె పంపకు. నా మీద ఎంత కోపమైనా ఉండనీ, పెట్టె మాత్రం పంపకు. ఒక్కసారి ఆలోచించు. పెట్టె పాడైతే నీకూ రెండు గీతలు రావాలిగా? సీసాలు తారుమారైతే రెండోసారి నీకు రెండు రావాలి, రాలేదు. అంటే నువ్వు మొదటి రోజు ఏమీ తప్పు చెయ్యలేదు వదినా. చెయ్యి వణికినా నీ పని నువ్వు సరిగ్గానే చేశావు. ఆ రెండో గీత అన్నయ్యదే.

వాచ్‌మన్ కాళ్లు పట్టుకునైనా ఒక సాంపిల్ తీసుకో. దాన్నీ, అన్నయ్యదాన్నీ అదే పెట్టెలోంచి వేసి చూడు. మగవాళ్లలో ఆ గీత రాకూడదు. వస్తే అది ఎక్కణ్ణించి వస్తోందో వెతకాలి. ఇంతకంటే ఇప్పుడు రాయను, నువ్వూ అడగకు. అన్నయ్యని మాత్రం రంగు గురించి సూటిగా అడుగు. వాడు చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ప్యాంటు కిందికి లాక్కుని తిరిగిన రకం.

భూతద్దం


నర్సింగ్ హోం ల్యాబు గది,
శుక్రవారం

మరదలా,

వాచ్‌మన్‌కి ఒకటే గీత. మీ అన్నయ్యకి రెండు. రెండోది సన్నగా కూడా లేదు, ముదురు రంగులో వెంటనే తేలింది. మూడు కార్డులు వృథా చేశాను, మూడింటిమీదా అంతే.

మొన్న రాత్రి ఇంటికి పోయి అన్నీ ఒకేసారి చెప్పేశాను. బిడ్డ లేదని, ఆ గీత ఆయనదని, రంగు సంగతి నిజం చెప్పమని. లేచి వెళ్లి, పిల్లల సీటు కొలిచిన టేపు చుట్టి సొరుగులో పెట్టేశాడు. తర్వాత, "పోనీలే, ఇద్దరిలో ఎవరో ఒకరికి వచ్చిందిగా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది చూడు, ఆ నవ్వుకి నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. అప్పుడు చెప్పాడు. ఎర్రగా పోతోందట. చాలా రోజులైందట. మొదట అప్పుడప్పుడూ, ఇప్పుడు రోజూ. "వేడి అనుకున్నాను. నీకు చెప్తే సీసాల్లో పోసి చూస్తావని భయమేసింది" అన్నాడు. నా చేతికి సీసా ఇచ్చేటప్పుడు మాత్రం తెల్లగా పోయినప్పటిది పట్టి ఇచ్చేవాడట!

మర్నాడే మూత్రకోశ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కార్డు సంగతి చెప్తే ముందు వృషణాలకి స్కానింగు తీయించారు, అలాంటి గీత వచ్చిన మగవాళ్లలో రోగం ముందు అక్కడే వెతుకుతారట. అక్కడేమీ లేదు. పొట్టకి తీస్తే మూత్రాశయంలో గడ్డ కనపడింది. ఇవాళ గొట్టం పెట్టి చూసి ముక్క తీశారు. ఇక్కడ చూసేవాళ్లు లేరు, మీ దగ్గరికే పంపాలన్నారు.

ఈసారి డబ్బాలో మీ అన్నయ్య వస్తున్నాడు. జాగ్రత్తగా దించుకో.

వదిన


స్లైడ్ల గది,
గురువారం

వదినా,

ముక్క చేరింది. సొంతవాళ్ల స్లైడు మీద మేము సంతకం పెట్టకూడదు, అందుకని మా పెద్దసారు చూశారు. రిపోర్టు ఈ ఉత్తరంతోనే ఉంది.

మూత్రాశయం లోపలి పొరలో పుట్టే మామూలు రకం క్యాన్సరే, కానీ మొండిది, కండలోకి దిగింది అని రాశారు. కణాలు అంత చెడిపోయినప్పుడు కొన్ని ఆ గర్భం హార్మోను కూడా తయారుచేస్తాయని, గీత అందుకే వచ్చిందని ఆయన అభిప్రాయం. దీనికి మూత్రాశయం పూర్తిగా తీసెయ్యడమే పద్ధతి. తీశాక మూత్రం పొట్ట మీద అతికించిన సంచిలోకి వస్తుంది. చాలామంది అలా బతుకుతున్నారు.

అన్నయ్యని ధైర్యంగా ఉండమను.

భూతద్దం


ఇల్లు, ముందుగది,
సోమవారం

మరదలా,

ఆపరేషన్‌కి వచ్చే వారం రోజు ఇచ్చారు. సర్జను మంచివాడు, సంచి ఎక్కడ వస్తుందో పెన్నుతో పొట్ట మీద గుండ్రంగా గీసి చూపించాడు. మీ అన్నయ్య అడిగిన ప్రశ్న ఒక్కటే. "సీటు బెల్టు దీని పైనుంచి పెట్టుకోవాలా, కిందనుంచా?" ఇంటికొచ్చాక కారులో ఒక్కడే కూర్చుని బెల్టు పెట్టుకుంటూ తీస్తూ ఉన్నాడు. నేను గుమ్మంలోంచి చూశాను, పిలవలేకపోయాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో అన్నీ ఉన్నాయి, నువ్వే లేవు. "చాలామంది అలా బతుకుతున్నారు" అట! ఇది మా నర్సింగ్ హోం గోడ మీద అంటించే కాగితం భాష. కోపంలో నన్ను తిట్టినా నీ గొంతు వినపడేది. "ఆయన అభిప్రాయం" అని రాశావు. మరి నీ అభిప్రాయం ఏమైంది? ఆ స్లైడు నువ్వు చూడకుండా ఉండవు. తాళం వెనక్కొచ్చి లాగి చూసే మనిషివి.

ఏదో మింగుతున్నావు. అది నా మొగుడి ప్రాణానికి సంబంధించింది కాబట్టి మింగే హక్కు నీకు లేదు. అతను నీకు అన్న కాకపోతే, ఊరూ పేరూ తెలియని మనిషైతే, ఆ స్లైడు చూసి ఏమనేదానివి? అది రాయి.

వదిన


స్లైడ్ల గది,
మర్నాడు మధ్యాహ్నం

వదినా,

వాడు నాకు అన్న కాకపోతే పెద్దసారు సంతకం పెట్టిన రోజే ఆయనతో పోట్లాడేదాన్ని. అన్న కాబట్టే నోరు మూసుకున్నాను.

చూశాను. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు తలుపేసుకుని చూశాను. అందులో రెండు రకాల కణాలున్నాయి. ఒకటి పెద్దది, చాలా కేంద్రకాలు కలిసిపోయినట్టు ఉంటుంది. రెండోది చిన్నది, అంచులు తేటగా ఉంటాయి. పెద్దవి చిన్నవాటిని కప్పుకుని ఉన్నాయి, చుట్టూ నెత్తురు మడుగు. ఈ అమరిక నాకు బాగా తెలుసు. బిడ్డతో పాటు పుట్టే మావిలో ఇలాగే ఉంటుంది, మీరు పంపే మావి ముక్కల్లో రోజూ చూస్తాను. ఇది మామూలు మూత్రాశయ క్యాన్సర్ కాదు, బీజకణాల గడ్డ, అంటే పిల్లల్ని పుట్టించే కణాల్లోంచి లేచే గడ్డ అనిపించింది.

అలాంటివి మామూలుగా వృషణాల్లో పుడతాయి, మూత్రాశయంలో పుట్టడం చాలా అరుదు. మనం తల్లి కడుపులో తయారవుతున్నప్పుడు బీజకణాలు తమ చోటు వెతుక్కుంటూ ఒళ్లంతా దాటి వస్తాయని, దారిలో ఒకటీ అరా తప్పిపోయి ఎక్కడో ఆగిపోతాయని, ఏళ్ల తర్వాత అవే ఇలా లేస్తాయని అంటారు. పుస్తకాల్లో చదివాను, కళ్లతో చూడలేదు. పెద్దసారూ చూడలేదు. ఆయన ఒక రంగు వేసి చూశారు, మూత్రాశయపు పొర కణాలకి అంటుకునే రంగు. అది అంటుకుంది. దాంతో మామూలు రకమని తేల్చారు. కానీ ఆ రంగు మావి కణాలకి కూడా అంటుకుంటుంది వదినా! ఆయనకి తెలియక కాదు. ఎప్పుడూ రాని చుట్టం తలుపు కొడితే పక్కింటివాళ్లే అనుకుంటాం కదా, అలా జరిగింది.

మరి ఎందుకు చెప్పలేదంటే, బీజకణాల గడ్డ అయితే మందులకి కరుగుతుంది. ఒంట్లో పాకినా కరుగుతుంది. మూత్రాశయం తియ్యక్కర్లేకపోవచ్చు. అంటే నేను చూసింది, నేను చూడాలని కోరుకుంటున్నదే. నా కన్ను అబద్ధం చెప్తోందేమో, ఆశ కొద్దీ మావి కనిపిస్తోందేమో అని భయమేసింది. పరాయివాడి స్లైడైతే ఆ భయం ఉండేది కాదు.

నీ ఉత్తరం పట్టుకుని ఇవాళ పెద్దసారు గదికి వెళ్లాను. ముందు కోప్పడ్డారు. "నువ్వు డాక్టరుగా మాట్లాడుతున్నావా, చెల్లెలుగానా?" అన్నారు. రెండూ అని చెప్పాను. చాలాసేపు స్లైడు కేసి చూశారు. "అయితే చెల్లెలు కానివాళ్ల చేత చూపిద్దాం" అన్నారు. ముక్కని పేరు లేకుండా, అనుమానం ఏమిటో రాయకుండా, ఇంకో ఊళ్లోని పెద్ద కేంద్రానికి పంపారు. అక్కడ కణాల క్రోమోజోముల్లో ఒక గుర్తు ఉందో లేదో చూస్తారు. బీజకణాల గడ్డల్లో ఎక్కువగా ఆ గుర్తు ఉంటుంది.

అందాకా ఆపరేషన్ వాయిదా వేయించు. నేను చెప్పింది నిజమైతే, ముందు కోత పెడితే ఆ గాయం మానే రోజుల్లో గడ్డ నెత్తురులో పడి పాకుతుంది. అబద్ధమైతే, ఈ వాయిదాలో మామూలు గడ్డ ఇంకా లోతుకి దిగుతుంది. రెండు వైపులా నష్టమే, దాచను. రక్తంలో ఆ హార్మోను ఎంతుందో, దాంతోపాటు కడుపులోని పిండం తయారుచేసే ప్రోటీను ఒకటి ఉంది, అదెంతుందో చూపించు. ఛాతీకి స్కానింగు తీయించు.

నీ మరదలు


ఇల్లు, వంటగది బల్ల,
శనివారం

మరదలా,

వాయిదా వేయించాను. సర్జను కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు, "మీ నిర్ణయం" అన్న మాట కింద గీత గీసి మరీ. నా నిర్ణయమా అది? ఆయన ముందు తలూపాను గానీ వరండాలోకి వచ్చాక వెనక్కి వెళ్లి ఆ కాగితం చింపెయ్యాలనిపించింది.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "పాఠం చెప్పేటప్పుడు పక్క సీట్లో నాకుండేది బ్రేకు ఒక్కటే, స్టీరింగు ఉండదు. నేను తొక్కానంటే నేర్చుకునేవాడికి కనపడనిదేదో నాకు కనపడిందనే. ఇప్పుడు చెల్లి తొక్కింది, ఆగుదాం" అన్నాడు. అంతే. పడుకుని గుర్రు కూడా పెట్టాడు. నాకే కునుకు లేదు.

నేను ఒక మాట ముందే చెప్తున్నాను. నీది తప్పయితే నేను నిన్ను క్షమించలేను. క్షమించాలని ప్రయత్నిస్తాను, కుదరదు. ఇది బెదిరింపు కాదు, నన్ను నేను ఎరుగుదును కాబట్టి చెప్తున్నాను. నీ భయం నువ్వు రాశావు, నాది నేను రాస్తున్నాను.

హార్మోను చాలా ఎక్కువుంది. నువ్వు చెప్పిన రెండో ప్రోటీను కూడా ఎక్కువే. మా డాక్టరమ్మ ఆ కాగితం చూసి, "ఇది మగవాళ్ల రిపోర్టేనా?" అని రెండుసార్లు అడిగింది. ఛాతీ స్కానింగులో రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్నచిన్న మచ్చలున్నాయి. అంతకుముందు లేవని ఎవరూ చెప్పలేరు, ఎవరూ తియ్యలేదుగా. ఆయనకి మచ్చల సంగతి చెప్పాను. ఈ ఇంట్లో ఇక దాపరికాలు చాలు.

వదిన


స్లైడ్ల గది,
బుధవారం

వదినా,

గుర్తు ఉంది. బీజకణాల గడ్డే. మావి రకం ఎక్కువ, దాంతో కలిసి ఆ రెండో ప్రోటీను తయారుచేసే రకం కొంచెం. వృషణాల్లో లేదు, పొట్టలో మరెక్కడా లేదు, కాబట్టి మూత్రాశయంలోనే పుట్టింది. వాళ్లకి పేరు తెలియదు, నేనెవరో తెలియదు, మా అనుమానమూ తెలియదు. అయినా అదే రాశారు.

పెద్దసారు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి నిలబడ్డారు. పాత రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తది తనే రాశారు. నాకు సంతోషం వేస్తుందనుకున్నాను. ఊపిరితిత్తుల మచ్చలే గుర్తొచ్చాయి. నేను నోరు మూసుకున్న ఆ వారంలో అవి ఎంత పెరిగాయో లెక్క కట్టకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు కట్టొద్దు, నేను కట్టుకుంటాను.

ఇప్పుడు ఆలస్యం పనికిరాదు. మందులు వెంటనే మొదలుపెట్టాలి. మీ డాక్టరుతో పెద్దసారే మాట్లాడారు. ఆ మందులు పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీస్తాయి. అందుకని మొదలుపెట్టే ముందు రోజు అన్నయ్యని బీజం దాచే చోటికి, అదే వీర్యం బ్యాంకుకి, పంపు. ఈ మాట నీకు రాయడం ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. పంపు.

నీ మరదలు


పెద్ద వార్డు, కిటికీ పక్క మంచం,
ఎండలు తగ్గిన రోజుల్లో

మరదలా,

ఇన్నాళ్లూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. మందుల వంతులన్నీ అయిపోయాయి. జుట్టు పోయింది, కనుబొమలు కూడా పోయాయి. చెవుల్లో ఎప్పుడూ కీచురాళ్లు అరుస్తున్నట్టు ఉందంటాడు. అన్నం వాసనకి వాంతి చేసుకునేవాడు, నేను వరండాలో నిలబడి తిని వచ్చేదాన్ని. ఒకరోజు జ్వరం వచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, ఇందుకేనా ఆపరేషన్ ఆపించింది అని నిన్ను తిట్టుకున్నాను కూడా. తెలియాలనే రాస్తున్నాను.

వారం వారం రక్తం నేనే తీసి మా ల్యాబులో వేస్తున్నాను. బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లందరూ అదే హార్మోను పెరిగిందని వినాలని చేతులు నలుపుకుంటూ ఉంటారు. లోపల నేను తగ్గాలని దండం పెట్టుకుంటాను. తగ్గింది. సగం, మళ్లీ సగం, ఇప్పుడు కనపడనంత. మచ్చలు కూడా పోయాయి.

మూత్రాశయంలో మాత్రం చిన్న బుడిపె మిగిలింది. అది చచ్చిన గడ్డ తాలూకు మచ్చో, బతికున్న ముక్కో పైనుంచి చూస్తే తెలియదట. నిన్న గీకి తీశారు. ఈ డబ్బాలో ఉంది. బతికున్నదైతే మళ్లీ మొదటికే, ఈసారి మూత్రాశయమూ పోతుంది, అదైనా చాలుతుందో లేదో. ఇంకో విడత మందులకి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు.

ఫోన్ చెయ్యకు. ఫోన్ మోగితే ఆయన నా మొహం చూస్తాడు. రాసి పంపు, మొదటి వాక్యంలోనే చెప్పు, ముందు వెనకలు వద్దు. మీ అన్నయ్య సణుగుడు కూడా రాయమన్నాడు. "గడ్డ నాది, ముక్క నాది, ఉత్తరాలు మాత్రం మీ ఇద్దరివీనా?" అంటున్నాడు.

ఏమైనా కానీ, బీజం దాచి వచ్చాడు, నాకు ఆ ధైర్యం ఒకటుంది. రోజూ పడుకునే ముందు దాన్నే తలుచుకుంటున్నాను.

వదిన


స్లైడ్ల గది,
శుక్రవారం

అన్నయ్యా,

ముక్కలో బతికున్న కణం ఒక్కటి కూడా లేదు.

ఉత్తరం నీకే రాస్తున్నాను, నువ్వు అడిగావుగా. వదిన ఎక్కడుందో చూసి పిలువు, కూర్చోబెట్టి గట్టిగా చదువు. అంతా చచ్చిన గడ్డ, దాని చుట్టూ మానుతున్న పుండు. పెద్దసారు స్లైడు తను చూడకముందే నన్ను కూర్చోబెట్టి, "ముందు నువ్వు చూడు" అన్నారు. ముక్క మొత్తం పొరలు పొరలుగా కోయించి అన్నీ చూశాను. తర్వాత ఆయన చూశారు. సంతకం ఆయనదే. నేను బాత్‌రూములోకి పోయి ఏడ్చి వచ్చాను. నీ మూత్రాశయం నీతోనే ఉంటుంది, సీటు బెల్టు ఎలా కావాలంటే అలా పెట్టుకో. కొన్నేళ్లపాటు రక్తం చూపించుకుంటూ ఉండాలి, తిరిగి రాదని ఎవరూ మాట ఇవ్వరు. కానీ ఇవాళ్టికి లేదు. వదినా, నువ్వు నన్ను తిట్టుకున్న తిట్లన్నీ నాకు దక్కాల్సినవే, దాచుకున్నాను.

ఇక్కడిదాకా గట్టిగా చదువు. ఇక్కణ్ణించి మనసులో చదువుకో.

మందులు మొదలయ్యే ముందు రోజు నువ్వు నాకు ఫోన్ చేశావు. నువ్విచ్చిన సాంపిల్‌లో దాచడానికి బీజం ఒక్కటి కూడా దొరకలేదన్నారని చెప్పావు. వదినతో మాత్రం దాచి వచ్చానని చెప్తాను, నువ్వు నోరు మెదపకు అన్నావు. ఆ రోజు నువ్వు ఏమడిగినా సరేననేదాన్ని. సరేనన్నాను. బతుకుతావో లేదో తెలియనప్పుడు ఆమెకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలనుకున్నావు, నాకర్థమైంది. ఇప్పుడు "ఆ ధైర్యం ఒకటుంది" అని వదిన రాసింది చదివాక ఇక నోరు మెదపకుండా ఉండలేను. ఆ గడ్డ హార్మోనే బీజాన్ని ఎండగట్టి ఉండొచ్చు. గడ్డ పోయింది కాబట్టి ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అది కూడా ఆమెకి చెప్పు.

ఒకసారి లేని బిడ్డని నమ్మి, లేదని తనంతట తాను తెలుసుకుని, నీకు చెప్పకుండా ఒక్కతే కుళాయి చప్పుట్లో ఏడ్చింది. రెండోసారి కూడా ఒక్కతే తెలుసుకోకూడదు.

నువ్వు చదవడం ఆపేశావని వదిన ఈపాటికి చూసే ఉంటుంది. ఏమైందని అడుగుతుంది. చెప్పు.

నీ చెల్లెలు